గంజి పెట్టిన కాగితం

మొన్న మంగళవారం పొద్దున ఫోన్లో మా చెక్క అచ్చుల గ్రూపు తెరిచి చూస్తే, ఎవరో ఒక అమ్మాయి, ఏ ఊరో తెలియదు, తాను తీసిన ప్రింటు ఫొటో పెట్టి, నలుపు నిండుగా రాక మధ్యమధ్య తెల్లటి మచ్చలు పడుతున్నాయనీ, ఏం చేయాలో చెప్పమనీ అడిగింది. నేను కళ్ళజోడు వెతుక్కుని, కుర్చీలో సర్దుకుని కూర్చుని, నాకు తెలిసిందేదో రాద్దామని వేలు కదిపేలోగా పదకొండు జవాబులు వచ్చి పడ్డాయి. అందులో ఒకటి, కాగితానికి పల్చటి గంజి పూసి ఆరబెట్టుకోమని, మరాఠీలో, ఒకే ఒక్క వాక్యం. రాసినవారు తమ ఫొటో బదులు ఏదో పువ్వు బొమ్మ పెట్టుకున్నారు. అడిగిన అమ్మాయి దానికో బొటనవేలి గుర్తు పెట్టి వెళ్ళిపోయింది. నా ఈడువాళ్ళు నవ్వినా సరే, చెప్పుకుంటాను: సరిగ్గా ఆ ఒక్క వాక్యాన్నే నేను ఒకప్పుడు రెండేళ్ళపాటు కడుపులో దాచుకున్నాను.

నేను మహారాష్ట్రలో చంద్రపూర్ పక్కనున్న దుర్గాపూర్ కాలరీ క్వార్టర్లలో పుట్టి పెరిగినదాన్ని. మా నాయన కరీంనగర్ వైపు నుంచి బొగ్గుబాయి పనికని వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. బడిలో చదువంతా మరాఠీలోనే సాగింది కానీ, సొంత ఊరికి ఉత్తరం రాయడానికైనా పనికొస్తుందని అమ్మ నాకు పలక మీద తెలుగు అక్షరాలు దిద్దించింది. తరవాత చంద్రపూర్‌లో ఒక బడిలో డ్రాయింగ్ టీచరుగా కుదురుకున్నాను. చేరిన రెండో ఏడు, బడికి కొత్త బల్లలు చేయించడానికి ఒక పెద్దాయన దగ్గరికి పంపారు. కాలరీ వర్క్‌షాపులో వడ్రంగం చేసి రిటైరైన మరాఠీ మనిషి ఆయన, అందరూ కాకా అనేవారు. ఆయన ఇంటి గోడ నిండా నల్లటి బొమ్మలు వేలాడుతున్నాయి. చెక్క మీద బొమ్మ చెక్కి, దానికి రోలరుతో సిరా పట్టించి, పైన కాగితం పరిచి, స్టీలు చెంచా వెనకభాగంతో రుద్ది తీసినవి. బల్లల సంగతి ఆరోజు మాట్లాడనే లేదు.

కాకా చుట్టూ అప్పటికే తొమ్మిదిమంది చేరారు, నాతో పదిమందిమయ్యాం. దానికి పేరూ బోర్డూ ఏమీ లేవు, మండలి అనుకునేవాళ్ళం, అంతే. ఏడాదికోసారి, దీపావళికి ముందు వచ్చే ఆదివారం, ఒక్కొక్కరం ఒక్కో కొత్త బొమ్మ చెక్కి, దానివి పది ప్రింట్లు తీసి కాకా ఇంటికి తీసుకుపోయేవాళ్ళం. అక్కడ వాటిని పంచి కట్టలు కడితే, ఒక్కొక్కరికి పదిమంది బొమ్మలూ దక్కేవి. దీనికి కాకా పెట్టిన షరతు ఒకటే. ప్రతి ప్రింటు వెనక, ఆ ఏడు మనం ఎక్కడ దెబ్బతిన్నామో, దాన్నుంచి ఎట్లా బయటపడ్డామో రాయాలి. బొమ్మ ముందువైపు మీది, వెనకవైపు అందరిదీ అనేవాడు. నాకు పనిలో తెలిసినదంతా ఆ వెనకవైపుల్లోంచి తెలిసిందే. మన ఎండలకు రోలరు మీదే సిరా ఆరిపోతుంటే రెండు చుక్కలు అవిసె నూనె కలపమని ఒకరు రాశారు. టేకు మొండికేస్తుంది, గుమ్మడి టేకు చెక్క తెచ్చుకుంటే ఉలి మెత్తగా నడుస్తుందని మరొకరు. ఆరేసిన ప్రింట్ల మీద బొగ్గు దుమ్ము పడుతుంది, దండెం బయట కట్టకండి అని రాసింది మాత్రం నేనే. ఆ పాఠం మా క్వార్టరు వాకిట్లో నాలుగుసార్లు చెడి నేర్చుకున్నాను.

ఆ పదిమందిలో నాకు బాగా దగ్గరైన మనిషి ఆవర్‌పూర్ అక్క. వాళ్ళాయన అక్కడ సిమెంటు కార్ఖానాలో పనిచేసేవాడు. మనవైపు నుంచే వచ్చినవాళ్ళు కావడంతో, మండలిలో మేమిద్దరం ఒక మూల చేరి తెలుగులో మాట్లాడుకునేవాళ్ళం. ఉలిని పాత చెప్పుల తోలు మీద ఎట్లా నూరాలో నా చెయ్యి పట్టుకుని నేర్పింది ఆమే. మరాఠీ గడగడా మాట్లాడేది కానీ చదవడం, రాయడం వచ్చేవి కావు. అందుకని తన ప్రింట్ల వెనక తెలుగులోనే రాసుకొచ్చేది, కింద దాని మరాఠీ నేను రాసిపెట్టేదాన్ని. పదిసార్లూ అదే రాయడం విసుగే అయినా, ఆ వంకతో ఆమె పక్కన కూర్చోవడం నాకు ఇష్టంగా ఉండేది.

గంజి సంగతి నాకు అనుకోకుండా తెలిసింది. ఒకరోజు అమ్మ నూలు చీరలకు గంజి పెట్టి వాకిట్లో ఆరేస్తే, గాలికి నా కాగితమొకటి ఎగిరిపోయి తడి చీరకు అతుక్కుంది. చేతితో చేసిన మంచి కాగితం, పారేయడానికి మనసొప్పలేదు. మెల్లగా ఊడదీసి, నీడలో ఆరబెట్టి, చూద్దాంలే అని దాని మీదే ప్రింటు తీశాను. నలుపు కాగితంలోకి ఇంకిపోకుండా పైనే నిండుగా నిలబడింది. అప్పటిదాకా నేను తీసినవన్నీ దాని పక్కన బూడిదలా కనిపించాయి. ఆ ఏడు నేను చెక్కింది షిఫ్టు దిగి వస్తున్న బాయి మనుషులను. ఒంటి నిండా మసితో, కళ్ళు మాత్రం తెల్లగా. ఆ బొమ్మకు కావలసింది సరిగ్గా ఆ నలుపే.

దీపావళికి అందరూ ఆ బొమ్మను చేతులు మార్చుకుంటూ చూశారు. వెనక మాత్రం నేను గంజి మాట రాయలేదు, ఉలి నూరడం గురించి ఏదో రాశాను. ఎందుకంటే నాగపూర్‌లో ఎండాకాలంలో ఒక ప్రదర్శన జరగబోతోందనీ, మండలి నుంచి ఒక్కరి బొమ్మలకు అందులో చోటు ఇస్తారనీ అప్పటికే కాకా చెప్పి ఉన్నాడు. వెళితే నేనన్నా వెళ్ళాలి, అక్కన్నా వెళ్ళాలి. ఈ సంగతి ఇద్దరికీ తెలుసు.

సంక్రాంతి దాటాక అక్క బస్సెక్కి మా ఇంటికి వచ్చింది. చాయ్ తాగుతూ నా ప్రింటును కిటికీ దగ్గర పెట్టి చాలాసేపు చూసి అడిగింది.

"చెల్లె, నీ నలుపు గింత మంచిగ ఎట్ల వస్తుందే? నాకు జెర చెప్పరాదు."

"ఏం లేదక్కా," అన్నాను. "కాగితం మంచిగ తడుపుత, గంతే."

ఇది పూర్తి అబద్ధం కాదు. గంజి పెట్టి ఆరబెట్టిన కాగితాన్ని ప్రింటు తీసేముందు నేను కాస్త తడిపేదాన్ని. కానీ గంజి లేని కాగితాన్ని బాగా తడిపితే ఏమవుతుందో నాకు తెలుసు. తెలిసే చెప్పాను.

అక్క ఆ ఏడు చెక్కింది తన క్వార్టరు వెనక సిమెంటు దుమ్ము పట్టిన బొప్పాయి చెట్టును. అంత నేర్పుగా చెక్కిన చెక్కను నేను మళ్ళీ చూడలేదు. ప్రదర్శనకని దాచుకున్న కాగితమంతా నేను చెప్పినట్టు తడిపి పరిచింది. తడికి కాగితం మెత్తబడి చెక్కకు అతుక్కుపోయి, లాగితే పీచులు పీచులుగా చిరిగింది. మళ్ళీ అలాంటి కాగితం తెప్పించుకునే వ్యవధి లేదు. ఆమె ప్రింట్లు వెళ్ళలేదు, నావి వెళ్ళాయి. నాగపూర్‌లో ఆ హాలులో నా బొమ్మల పక్కన నిలబడితే ఎవరెవరో వచ్చి నలుపు గురించి అడిగారు. వాళ్ళకు ఏం చెప్పానో ఇప్పుడు గుర్తులేదు.

ఆ తరవాత అక్క నన్ను ఒక్క మాటా అనలేదు. దీపావళికి ఎప్పటిలాగే బొమ్మలు తెచ్చింది, వెనక తెలుగులో రాసుకొచ్చింది, నేను కింద మరాఠీ రాశాను. నూరడం, చెక్కడం, పిల్లల చదువులు, అన్నీ మాట్లాడేది. నా నలుపు ప్రస్తావన మాత్రం మళ్ళీ తేలేదు. నేనూ తేలేదు.

మరుసటి ఏడు మండలిలో ఒకరు మానేస్తే ఆ చోట కొత్తగా చేరిన ఒకామె, కాగితం ఎంత తడపాలో తనకు అంతుచిక్కడం లేదని అందరినీ అడిగింది. ఆ దీపావళికి అక్క తెచ్చిన పది ప్రింట్ల వెనకా ఇట్లా ఉంది: 'కాగితం బాగ తడిపితే చెక్కకు అంటుకొని చిరుగుతది. నేను తెల్వక చేసిన. మీరు చెయ్యకుండ్రి.'

కాకా ఇంట్లో చాప మీద కూర్చుని, కలం పట్టుకుని, దాన్ని మరాఠీలో రాయాల్సింది నేను. మొదటి వాక్యం రాశాను. రెండోదాని దగ్గర చెయ్యి ఆగిపోయింది. తెలియక చేసిందని పదిమందికీ, పదిసార్లు, నా చేతి రాతతోనే చెప్పాలి. అక్క అటుపక్క కూర్చుని దారంతో కట్టలు కడుతోంది, నావైపు చూడటం లేదు. ఇదంతా కావాలనే రాసుకొచ్చిందా అని అప్పుడూ అనుకున్నాను, ఇప్పటికీ అనుకుంటుంటాను. చివరికి ఆ రెండో వాక్యాన్ని నేను ఉన్నది ఉన్నట్టు రాయలేదు. తెలియక జరిగింది కాదు, ఆమెకు చెప్పినవాళ్ళు తప్పు చెప్పారు, ఆ చెప్పింది నేను, అసలు చేయవలసింది గంజి పూయడం అని రాసి, కింద నా సంతకం పెట్టాను. పదింటి మీదా అదే. కాకా ఒకటి తీసి చదువుకుని, కళ్ళజోడు తీసి తుడుచుకుని, దాన్ని కట్టలో పెట్టేశాడు.

అక్కకు మరాఠీ చదవడం రాదు కదా. ఆమెకు నోటితో చెప్పాలి, అది ఆ పదిమంది మధ్య కాదు. మరుసటి ఆదివారం గడ్‌చాందూర్ మీదుగా బస్సులో ఆవర్‌పూర్ పోయాను. ఆమె వాకిట్లో చెక్కకు నూనె పట్టిస్తోంది. కూర్చోకముందే చెప్పేశాను.

"అక్కా, తడుపుడు గాదు. గంజి. నేను నీకు అబద్ధం చెప్పిన."

ఆమె చేతులు తుడుచుకుని లోపలికి పోయి, రేకు సందూక లాక్కొచ్చి నా ముందు తెరిచింది. మండలి బొమ్మలన్నీ అందులోనే ఉన్నాయి. షిఫ్టు దిగి వస్తున్న నా మనుషులకు అంచుల పొడుగునా, మొహాల మీదా చిల్లులు పడి ఉన్నాయి. మిగతా తొమ్మిదిమందివీ చెక్కుచెదరలేదు.

"పురుగు నీ బొమ్మలనే తిన్నది, ఇంకొకలవి ముట్టలే," అంది. "గంజి లేంది పురుగు ఎందుకొస్తది?"

అంటే ఎప్పటినుంచో తెలుసన్నమాట. కోపం రాలేదా అక్కా అని అడిగాను. వచ్చిందనే చెప్పింది. కాగితం చిరిగిన రోజే అనుమానం వచ్చిందట. ఆ కోపంతో నా ప్రింట్లను సందూకలో అడుగున పడేసి ఏడాదిపాటు తెరిచి చూడలేదట, అందుకే పురుగు పట్టిందట. మరి నన్ను ఎందుకు అడగలేదన్నాను.

"అడుగుతే చెప్తవని నాకెరికే," అంది. "అడిగి చెప్పిచ్చుకునుడు నాకు ఇష్టం లేకుండె. నీ అంతట నువ్వు చెప్పాలె."

నేను ఏడ్చానో లేదో చెప్పను. ఆమె ఆ చిల్లుల బొమ్మను ఎండకు ఎత్తి చూసి, గంజిలో చిటికెడు మైలుతుత్తం వేస్తే పురుగు రాదని చెప్పింది. వాళ్ళ నాయన పుస్తకాలకు అట్టలు కట్టేవాడట, అట్టలు అంటించే లైపిండిలో అదే కలిపేవాడట. అలా నేను రెండేళ్ళు దాచిన చిట్కాలో ఒక సగం నాకే తెలియదని ఆరోజు తెలిసింది. బొప్పాయి చెట్టు చెక్క ఇంకా ఉందా అని అడిగితే, నూనె రాసి గుడ్డలో చుట్టి పెట్టానంది. ఇద్దరం కలిసి గంజి కాచి, మైలుతుత్తం కలిపి, ఉన్న కాగితానికి పూసి ఆరేశాం. సాయంత్రం బస్సు వేళకు ఒక్క ప్రింటు మాత్రం తీయగలిగాం. అది నా దగ్గరే ఉంది, ఇప్పటికీ పురుగు పట్టలేదు.

తరవాత చాలా ఏళ్ళు మండలి నడిచింది. కాకా పోయాక నాలుగైదేళ్ళు మేమే ఈడ్చుకొచ్చాం. ఒకరి కళ్ళు మందగించాయి, ఒకరికి బదిలీ అయింది, ఇంకొకరికి ఓపిక పోయింది. వాళ్ళాయన రిటైరయ్యాక అక్క మంచిర్యాల వైపు వెళ్ళిపోయి, అక్కడినుంచి కొన్నాళ్ళు పోస్టులో బొమ్మలు పంపింది. చివరి రెండేళ్ళు బొమ్మ లేకుండా ఉత్తరం మాత్రమే వచ్చేది. ఆ పైన ఆమె పోయిందన్న కబురు వచ్చింది.

ఇప్పటి గ్రూపులో ఎవరూ ఏమీ దాచుకోరు. అది మంచిదే, నేను దాన్ని తప్పుపట్టను. మేము ఏళ్ళ తరబడి ఒక్కొక్కటిగా నేర్చుకున్నవి ఈ పిల్లలకు చాయ్ చల్లారేలోగా దొరుకుతున్నాయి, వాళ్ళ పని మా పనికంటే బాగుంటోంది కూడా. కానీ అందులో ఎవరైనా నాలాగా తప్పు చెబితే, చెప్పినది ఎవరో అడిగినవాళ్ళకు తెలియదు, ఎవరి కాగితం చిరిగిందో చెప్పినవాళ్ళకు తెలియదు. మాకు అట్లా తప్పించుకునే దారి ఉండేది కాదు. ఎవరి మాటవల్ల ఎవరి కాగితం చిరిగిందో ఇద్దరికీ తెలిసేది, తెలిసి కూడా మళ్ళీ దీపావళికి ఒకే చాప మీద కూర్చుని, ఒకరి బొమ్మ ఒకరు రెండు చేతులతో అందుకోవలసి వచ్చేది.