ఎర్ర సిరా స్వాద్

పదవీ విరమణకు రెండేళ్ల ముందు, మాదాపూర్‌లోని ఒక ఐటీ సంస్థలో నన్ను ఉర్దూ కవుల డిజిటల్ కోశానికి సీనియర్ భాషా సమీక్షకుడిగా వేశారు. కింది ఉద్యోగి ఒక్కో కవి జీవితం, అతని మీది ప్రభావాలు నింపుతాడు. నేను ఆధారాలు సరిచూసి రెండో సంతకం చేయాలి. దాంతో ఆ పేజీ మూసినట్టే.

వర్షాకాలంలో బోరబండ కవి 'బేఫికర్' పేజీ వచ్చింది. దుకాణాల బోర్డులు రాసేవాడు. ఇల్లు లేదు, పెళ్లి లేదు. సిగరెట్ పెట్టెల వెనక గజళ్లు రాసి, తాగి, ఎవరింట్లోనో పడుకునేవాడు. చనిపోయి అప్పటికి ఏడాది. ముషాయిరాలో, అంటే కవి సమ్మేళనంలో, అతను నిలబడితే సభంతా ఊగిపోయేది. మా తాతగారి దేవిడీలోనే, ఆ పెద్ద భవంతిలోనే, ఒకప్పుడు ముషాయిరాలు జరిగేవి. నేను మౌల్వీ దగ్గర ఛందస్సు చదివాను. నేను గజల్ అందుకుంటే జనం చాయ్‌కి లేచేవారు. దేవిడీ పోయినా భాష మాది అనుకునేవాణ్ణి. అదీ నన్ను కాదని అతని వెంటే పోయింది.

ఉర్దూలో శిష్యుడి గజల్‌ను గురువు దిద్దడాన్ని 'ఇస్లాహ్' అంటారు. మెచ్చిన పాదాల పక్కన 'స్వాద్' అనే అక్షరం వేస్తారు. మా కోశంలో గురువు గడికి మూడే జవాబులు: పేరు, 'తెలియదు', 'లేరు'. కింది ఉద్యోగి 'తెలియదు' అని పెట్టాడు. నేను 'లేరు' అని మార్చి సంతకం చేశాను. గురువు లేని కవి అనడం ఉర్దూవాళ్లలో తిట్టు. తెలిసే చేశాను.

పది రోజులకు, నెట్‌లో ఆ పేజీ చూసి, అతని చెల్లెలు రజియా బేగం ఒక నోటుబుక్కు పట్టుకుని ఆఫీసుకు వచ్చింది.

"లేరని ఎట్ల రాసిండ్రు సాబ్? మా అన్న తాగుడుకు హద్దు లేకుండె గని, చదువుకు ఉస్తాద్ ఉండె."

నోటుబుక్కు తెరిచాను. పేజీల నిండా ఎర్ర సిరా దిద్దుబాట్లు, వాటి పక్కన స్వాద్‌లు. అది మా నాన్నగారి చేతిరాత. ఇరవై ఏళ్లు నా గజళ్లు ఆయనకు చూపించాను. తప్పులు దిద్ది తిరిగి ఇచ్చేవారు, అంతే.

ఉస్తాద్ పేరు మీ అన్న ఎందుకు చెప్పలేదని అడిగాను.

"ఉస్తాదే ఒట్టు వేయించుకున్నడట సాబ్. ఆయన కొడుకు గూడ రాస్తడంట. తెలిస్తే వాని దిల్ ఖరాబైతదని."

ఆ కొడుకును నేనేనని ఆమెకు చెప్పలేదు.

మూసిన పేజీ తెరవాలంటే కారణం రాయాలి. 'సమీక్షకుడి తప్పు' అని రాశాను. గడిలో నాన్నగారి పేరు పెట్టి, బంధుత్వం ప్రకటించి, సంతకం వేరొకరికి వదిలేశాను. చేతిరాత ఆయనదేనని రుజువేమిటని మా టీమ్ లీడ్ అడిగింది. అడగడం నియమమే. మర్నాడు నాన్నగారు దిద్దిన నా గజళ్ల నోటుబుక్కు తెచ్చి ఇచ్చాను. అదే సిరా, అదే రాతలో దిద్దుబాట్లు, స్వాద్ మాత్రం ఒక్కటీ లేదు. స్కాన్ చేసిన ఆ రెండూ ఇప్పటికీ ఆ పేజీలో పక్కపక్కనే ఉన్నాయి.

ఆధారం దొరకనప్పుడు 'తెలియదు' అని రాయాలి. 'లేరు' అని రాయడానికీ ఆధారం కావాలి.