మర్యాద తెలియని రాక్షసుడు

మా ఆవిడ నాలుగేళ్లుగా సంపాదించుకున్న పేరును ఒక్క పూటలో గోదాట్లో కలపబోయిన ఘనుణ్ణి నేను. మీరూ నవ్వుకోండి, మా బంధువులంతా ఎప్పుడో నవ్వేశారు.

రావులపాలెంలో నాది అరటిగెలల వ్యాపారం. మా ఆవిడ పద్మ ప్రతి శుక్రవారం ఫోన్‌లో మంత్రాలూ రాక్షసుడూ ఉన్న సీరియల్ రాస్తుంది. కొవ్వూరు నుంచి కాకినాడ దాకా ఆడవాళ్లు స్టవ్వు కట్టేసి మరీ చదువుతారు. ఓ శుక్రవారం తనకు జ్వరం తగిలింది.

"ఈ వారం కథ లేదని పెట్టేయండి," అంది.

"ఎందుకూ, నేను రాసేస్తాను. జనానికి కావలసింది రాక్షసులు. ఎవరు రాస్తే ఏంటి? గెల కొనేవాడు తోట ఎవరిదని అడుగుతాడా?"

"మరి సత్తిబాబు గారి తోట గెలలంటే మీరు తెల్లారకుండానే ఎందుకండీ పరిగెడతారు?"

జ్వరంలో ఏదో అంటోందిలే అని మాత్ర వేసి పడుకోబెట్టాను.

తన కథలో ఉండేది ఒక రాజకుమారీ, ఒక్క రాక్షసుడేనని ఎవరో అంటే విన్నాను. నేను ఇంకో ఆరుగుర్ని దింపాను. రెండు ద్వీపాలు ముంచాను. పెద్ద రాక్షసుడి చేత రాజకుమారిని "ఒసేయ్, నిన్ను నమిలేస్తా" అనిపించాను. చదువుకుంటే నాకే ఒళ్లు జలదరించింది. తన పేరు మీదే పోస్ట్ చేసి, మెచ్చుకోళ్ల కోసం కొత్త పెళ్లికొడుకులా కూర్చున్నాను.

మొదటి కామెంట్ కొవ్వూరు నుంచి.

"పద్మ గారూ, ఒంట్లో బాగుందాండి? మన రాక్షసుడు 'మిమ్మల్ని మింగేస్తానండి, ముందు మీరు భోంచేయండి' అంటాడు కదా. ఈ మోటు మనిషి ఎవరండి?"

ఇంకొకావిడ: "రాక్షసులు ఎక్కడైనా దొరుకుతారండి. మాకు మీ రాక్షసుడే కావాలి. వచ్చే వారం కూడా ఇలాగే ఉంటే చదవడం మానేస్తామండి."

సాయంత్రానికి అదే మాట పదిమంది అన్నారు. పద్మ లేచి అంతా చదివింది.

"ఏడుగురిలో ఒక్కడూ రాజకుమారిని భోంచేశారా అని అడగలేదేంటండీ?" అంది నీరసంగా.

నిజంగా సిగ్గేసింది. నాలుగేళ్లలో తను రాసింది ఒక్క వారమైనా నేను చదవలేదని అప్పుడే బయటపడింది.

జ్వరం తగ్గాక, పోబోయిన పేరును తనే నిలబెట్టుకుంది. తర్వాతి శుక్రవారం అసలు రాక్షసుడు తిరిగొచ్చి, "పోయిన వారం వచ్చింది మా తమ్ముడండి. పెంపకంలో లోపం, మన్నించండి" అని రాజకుమారికి దణ్ణం పెట్టి, తమ్ముణ్ణి అంట్లు తోమడానికి కూర్చోబెట్టాడు. పాఠకులంతా వెనక్కి వచ్చేశారు. కొవ్వూరు ఆవిడ మాత్రం, "ఆ తమ్ముణ్ణి పంపేయకండి, అచ్చం మా ఆయనే" అని రాసింది.

కనుక సకల పాఠక మహాశయుల ఎదుట ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో మరొకరి రాక్షసుడి నోట మాట పెట్టను. ఇక సెలవు, సింకులో అంట్లు ఉన్నాయి.