పోటు కోసం ఆగిన పడవ

"పోటు రాలేదని ఆపాను గానీ, భయపడి కాదమ్మాయ్. ఆ ముక్క ముందు రాసుకో."

తనూజ రాసుకుంది. పోయిన నెలలో విడుదలైన 'నాలుగు తెడ్లు' అనే ఆన్‌లైన్ ఆట గురించి ఆడేవాళ్లు ఏమనుకుంటున్నారో కనుక్కురమ్మని ఆట తయారుచేసిన కంపెనీ ఆమెను పంపింది. ఎక్కడెక్కడివాళ్లో నలుగురు ఒక పడవలో చేరి, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని మాట్లాడుకుంటూ, సముద్రంలోంచి సరుకు తెచ్చి ఏటి రేవులో దించాలి. ఒక్కో పందెంలో ఇరవై పడవలు. మచిలీపట్నంలోనూ గుడివాడలోనూ తనూజ కలిసినవాళ్లందరూ కాలేజీ వయసువాళ్లే. నాగాయలంకలో ఈ ఇంటి ముందుకొచ్చి వెంకాయమ్మ ఎవరని అడిగితే, అరుగు మీద కాళ్లు బారజాపుకుని వల కుట్టుకుంటున్న యాభై ఆరేళ్ల మనిషి "నేనే" అంది.

వెంకాయమ్మ పెళ్లయిన నెలకే మొగుడి పడవెక్కింది. పిచ్చేశ్వరరావు వల విసిరేవాడు, ఆమె చుక్కాని పట్టేది. ఆడమనిషి చేతికి చుక్కానేమిటని రేవులో నవ్వినవాళ్లు నవ్వారు. ఆయనకు ఓపిక తక్కువనీ, ఒడ్డు కనపడగానే గాభరాగా తిప్పేసేవాడనీ ఆమె ఎవరికీ చెప్పలేదు, ఇదిగో ఇవాళ తనూజకు చెప్పడమే. ముప్ఫై ఎనిమిదేళ్లు అలా గడిచాయి. రెండేళ్ల కిందట ఆమె మోకాళ్లు అరిగిపోయాయని, పడవెక్కితే ఇక నడవలేవని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఇప్పుడు మరిది కొడుకు ఆయనతో వెళ్తున్నాడు. పొద్దున్నే వాళ్లు ఇంజను స్టార్ట్ చేసిన చప్పుడు ఇంటిదాకా వినిపిస్తుంది. ఆ చప్పుడు దూరమైపోయేదాకా వెంకాయమ్మ ఏ పనీ ముట్టుకోదు.

ఆమె ముఖం చూడలేక కోడలు వెన్నెల ఒకరోజు ఫోన్‌లో ఈ ఆట ఎక్కించి చేతికిచ్చింది. మొదటి రోజే ముగ్గురు జత కలిశారు. సందీప్‌కి పామర్రులో మందుల షాపుంది, జట్టుకు నాయకుడు అతనే. సుహైల్ పెడనలో కలంకారీ అద్దకం పని చేస్తాడు, అచ్చు వేసిన గుడ్డ ఆరేదాకా ఖాళీయే. క్రిస్టినా గుడివాడలో టైలరు. మధ్యాహ్నం మూడింటికి ముగ్గురికీ బేరాలు పల్చబడతాయి. చుక్కాని ఎవరు పడతారని సందీప్ అడిగితే వెంకాయమ్మ నేనే పడతానంది. వద్దనడానికి ఎవరికీ నోరు రాలేదు.

మొదటి పందెంలో పడవ, ఏరు సముద్రంలో కలిసే మొగదాకా అందరికంటే ముందొచ్చింది. అక్కడ ఆమె లంగరు దించేసింది.

ఏమైంది పిన్నిగారూ, నెట్ పోయిందా అని సందీప్ గాభరా పడ్డాడు. పోటు రానివ్వండి నాయనా అంది ఆమె. సముద్రం పొంగి నీళ్లు ఏటిలోకి ఎదురెక్కితే పడవ దానంతటదే పైకి పోతుంది, ఆటు తీస్తున్నప్పుడు ఎదురీదితే బురదలో కూరుకుపోతుంది. దివిసీమలో ఎవర్నడిగినా ఇదే చెబుతారు. ఆటలో మాత్రం పోటు అన్నదే లేదు, ఏటికి ఎప్పుడూ ఒకటే వాలు. పద్దెనిమిది పడవలు పక్కనుంచే దాటిపోయాయి. పందొమ్మిదోదాంట్లోంచి ఎవడో పలకరించాడు కూడా, మామ్మా, టిఫినుకి ఆగారా అని.

"మరి రెండోసారైనా ఆపకుండా వెళ్లొచ్చు కదండీ?" అంది తనూజ నవ్వు ఆపుకుంటూ.

వెళ్దామనే అనుకుందట. మొగ కనపడగానే వేలు దానంతటదే లంగరు మీదికి పోయింది. మూడోసారీ అంతే. అప్పుడు సందీప్ చాలా మర్యాదగా, పిన్నిగారూ, మీరు కాసేపు నీళ్లు తోడండి, చుక్కాని నేను చూసుకుంటాను అన్నాడు. పడవ అడుగున చేరే నీళ్లు తోడిపొయ్యడమూ అందులో ఒక పనే. సరే నాయనా అంది గానీ, ఆ పూట అన్నం సయించలేదు. నిజం పడవలోంచి దించేశారు, అబద్ధం పడవలోంచి కూడా దించేస్తే ఇక తను దేనికి పనికొస్తుందని వెన్నెల దగ్గర కళ్లొత్తుకుంది. ఇది మాత్రం రాసుకోవద్దని తనూజకు వేలు చూపించింది.

నీళ్లు తోడడానికి ఒక వేలు చాలు. కళ్లు ఖాళీయే కాబట్టి ఆమె నీళ్లకేసి చూస్తూ కూర్చుంది. ఆట తయారుచేసినవాళ్లకు పోటు తెలియకపోయినా నీళ్ల మీద నురగ బొమ్మ మాత్రం బాగానే వేశారు. ఏటి నడుమ ఒకచోట అల ఊరికే తెల్లగా విరుగుతోంది. గాలి లేకుండా అల విరిగిందంటే కింద ఇసుక మేట ఉన్నట్టే.

"సందీపూ, నడిమధ్యన పోకు. ఎడమ ఒడ్డు పట్టు."

మ్యాపులో మధ్యనే వెడల్పుగా ఉందండీ అని అతను తిన్నగా పోనిచ్చాడు. పడవ మేటకెక్కి ఆగిపోయింది. మర్నాడు మరో మేట. ఈసారి వెంకాయమ్మ ముందే చెప్పి, చెప్పాను అని కూడా అనకుండా నీళ్లు తోడుకుంది. మూడో రోజు ఆమె కంటే ముందు సుహైల్‌కే ఓపిక పోయింది.

"బావా, అత్తకి ఇచ్చెయ్. నీకు సిరప్‌ల మీద లేబుళ్లే కనిపిస్తాయి, నీళ్లు కనపడవు."

క్రిస్టినా పగలబడి నవ్వింది. సందీప్ చుక్కాని వదిలేశాడు. తర్వాత, "పట్టుకోండి పిన్నిగారూ. లంగరు మీట మాత్రం నా దగ్గరుంచుకుంటాను" అన్నాడు.

ఆ ఏర్పాటు కుదిరింది. మొగ దగ్గర ఆమె వేలు ఇప్పటికీ వెతుక్కుంటుంది, మీట దొరకదు. మేటల దగ్గర మిగతా పడవలు వరసగా చిక్కుకుంటుంటే ఆమె ఒడ్డు వెంట మెల్లగా తీసుకెళ్లింది. రెండో స్థానం వచ్చింది. ఆ రోజు పిచ్చేశ్వరరావు వేటనుంచి రాగానే ఆమె ఏటి సంగతంతా చెప్పింది, ఆయన పీతల సంగతి చెప్పాడు. ఇద్దరూ పడవ నుంచి వచ్చినవాళ్లలాగే కాళ్లు కడుక్కుని అన్నానికి కూర్చున్నారు.

తనూజ కాగితంలో చివరి ప్రశ్న పదికి ఎన్ని మార్కులు వేస్తారని. వెంకాయమ్మ ఏడు వేసింది. పోటు పెట్టనందుకు ఒకటి కోసింది. రేవులో దిగితే మోకాలిలోతు బురద ఉండాలి గానీ పెళ్లిమంటపంలాగా మెట్లేమిటని ఇంకొకటి. అంతసేపు పడవలో ఉండి ఒక్కరూ సద్ది మూట విప్పరు, అందుకు మూడోది.

"పోటు పెట్టమని మా వాళ్లకి చెప్పమంటారా?"

వెంకాయమ్మ సూదిని వలలోనే ఆపి ఆలోచించింది. "చెప్పు, తొందరేం లేదు. అంతకంటే ముందు నీతో ఒక పనుంది. క్రిస్టినా వాళ్ల చెల్లెలి పెళ్లని ఆదివారం ముదినేపల్లి వెళ్తోంది. మాకో మనిషి తక్కువ. మీ కంపెనీవాళ్లు ఆడకూడదనేం లేదుగా?"

లేదంది తనూజ, కాకపోతే తనకు పడవల సంగతేమీ తెలియదంది.

"తెలియక్కర్లేదు. బస్సులో కూర్చుని ఫోన్‌లో ఎక్కించుకో. మూడింటికల్లా వచ్చి నీళ్లు తోడిపెట్టు తల్లీ" అని, తనూజ మెట్టు దిగేలోపు మళ్లీ పిలిచి చెప్పింది. "చుక్కాని మాత్రం అడక్కు."