రెండు నిమిషాల రఘుపతి

రఘుపతి దేన్నీ టక్కున ఆపడు. ఆపేముందు రెండు నిమిషాలు ఆగుతాడు. లారీ ఇంజన్ దగ్గర మొదలైన ఈ అలవాటు ఆయన ఒంటికీ, నోటికీ, కాపురానికీ పాకింది. సూరత్‌లో పాండేసర మిల్లుల చుట్టూ బతికే మనవాళ్లను ఉత్త రఘుపతి అని అడిగితే "ఏ రఘుపతి?" అంటారు. రెండు నిమిషాల రఘుపతి అంటే మాత్రం, "ఇప్పుడే పోయిండు... అంటే పోతున్నడు, ఇంకా ఆడనే ఉన్నడు చూడున్రి" అంటారు.

చాయ్ తాగి గ్లాసు కింద పెట్టాక రెండు నిమిషాలు కదలడు. "వేడి లోపటికి పోయింది, దిగనియ్యాలె" అంటాడు. ఫోన్లో "ఉంట మరి" అన్నాక కూడా పెట్టెయ్యడు. అవతలివాడు మర్యాదకు పెట్టెయ్యడు. ఇద్దరూ ఒకరి ఊపిరి ఒకరు వింటూ కూర్చుంటారు. పెళ్లాం సమ్మక్కతో పోట్లాట ముదిరితే వేలెత్తి, "రెండు నిమిషాలాగు, సల్లవడుదాం" అంటాడు. ఆ రెండు నిమిషాల్లో తనకు పెళ్లినాటి సంగతులు ఇంకో నాలుగు గుర్తొస్తాయని సమ్మక్క ఫిర్యాదు.

ఈ తెగులు ఆయనకు అంటించినవాడు సోమలింగం. తెలిసి అంటించలేదు పాపం.

సోమలింగం పాండేసరలో లారీ మెకానిక్కు. పదేళ్లు బట్టల మిల్లులో లూముల మీద చెవులు చిల్లులు పడేలా పనిచేసి, ఆ మోత పడలేక సొంతంగా షెడ్డు పెట్టుకున్నాడు. ఇద్దరిదీ జగిత్యాల వైపే. చుట్టరికం లేకపోయినా "బావా" అంటే "బావా" అనుకుంటారు. రఘుపతి పాత లారీలో జల్‌గావ్ నుంచి అరటిగెలలు తెచ్చేవాడు. దారిలో కొండాయిబారి ఘాట్ ఉంది. ఆ లారీ దాన్ని ఎక్కే తీరు ఎలాంటిదంటే, కింద పచ్చిగా ఉన్న గెలలు పైకి చేరేసరికి పండి, దిగేసరికి ఈగలు ముసిరేవి.

కరోనా వచ్చిన రెండో ఏడు, ఎండలు ముదరకముందే సోమలింగం ఎగదోశాడు. "ఇంజన్‌కు టర్బో పెడ్త బావా. డీజిల్ పంపు కూడ జర పెంచుత. ఘాట్ మీద కార్లోళ్లు నీకు దారియ్యాలె!"

టర్బో అంటే ఓ చిన్న చక్రం. బండి వదిలే పొగతోనే గిర్రున తిరిగి, ఇంజన్‌లోకి మరింత గాలి ఊదుతుంది. పెట్టాక లారీ నిజంగానే ఘాట్ మీద ఈలవేసుకుంటూ ఎక్కింది. సరిగ్గా ముప్పై రోజులు ఎక్కింది. ముప్పై ఒకటో రోజు ఈల కీచుమని, నీలం పొగ కక్కి, టర్బో చచ్చింది.

సోమలింగం విప్పి చూశాడు. చక్రం ఇరుసు మాడి బొగ్గయింది.

"ఘాట్ ఎక్కి వేడి మీద టక్కున బంద్ చేసినవ్! లోపట లక్ష చుట్లు తిరుగుతుంటే ఆయిల్ ఆగిపోతే కాలదా? బండి నిలిపినంక రెండు నిమిషాలు ఒట్టిగ నడవనియ్యాలె. వేడి మీద ఏదీ బంద్ చెయ్యొద్దు బావా!"

ఆయన చెప్పింది టర్బో గురించి. రఘుపతి దాన్ని గురూపదేశంలా చెవిన వేసుకున్నాడు.

రెండో టర్బో బిగించిన రోజు సోమలింగం చాయ్ దుకాణం ముందు నలుగురిలో మాట జారాడు. మొదటిది పోయిన కబురు విని, టర్బో పెట్టించుకుంటామన్న ఇద్దరు లారీవాళ్లు అప్పటికే మొహం చాటేశారు. ఆయనకు ఉడుకుమోత్తనం వచ్చింది. "ఇది గిట్ల పోయిందనుకో, షెడ్డు బంద్ చేసి మల్ల లూముకే పోత. ఇదే నా మాట!" అనేశాడు. అన్నాక తనకే గుండె జారింది. ఆ మోతలోకి మళ్లీ వెళ్లడమన్న ఊహే ఆయనకు పీడకల.

రఘుపతి మాత్రం ఉపదేశాన్ని ప్రాణంగా పాటించాడు. కర్ఫ్యూ వేళ బళ్లు ఆపి చూసే నాకా దగ్గర పోలీసు లాఠీతో తలుపు కొట్టి, "ఇంజన్ బంద్ కర్!" అన్నాడు. "దో మినిట్, సాబ్" అన్నాడు రఘుపతి. "మేరే కో రుకాయేగా?" అని, తననే ఆగమన్నందుకు పోలీసు ఎగిరాడు, తిట్టాడు, చెమట తుడుచుకున్నాడు. రెండో నిమిషం అయ్యేసరికి చల్లబడి, కాగితాలైనా అడక్కుండా "జా, జా" అన్నాడు. మరోసారి మిల్లు గేటు దగ్గర వాచ్‌మన్ నుదుటికి జ్వరం తుపాకీ పెడితే నూటొకటి చూపించింది. రఘుపతి రెండు వేళ్లు చూపించి, వెళ్లి నీడలో నిలబడ్డాడు. మళ్లీ పెడితే తొంభై ఏడు. అప్పటిదాకా అలవాటుగా ఉన్నది ఆ రోజు నుంచి మతమైపోయింది.

ఇంతలో ఏప్రిల్ నెలాఖరున కరోనా సోమలింగాన్నే పట్టుకుంది. పాండేసర పక్కనే నవాగామ్‌లో తన ఇంటి మీది గదిలో పడ్డాడు. ఆ గది కిటికీలోంచి పక్కింటి గోడ తప్ప ఏమీ కనిపించదు. గల్లీ చప్పుళ్లు మాత్రం బాగా వినిపిస్తాయి. భార్య భూదేవి గడప దగ్గర గంజి పెట్టి దూరం జరిగేది. ఆయనకు వాసన పూర్తిగా పోయింది. వెల్లుల్లి కారం ముక్కు కింద పెట్టుకుని పీల్చినా, పీల్చింది గాలో కారమో తెలియలేదు. జ్వరం నాలుగు రోజుల్లో దిగింది కానీ టర్బో బెంగ దిగలేదు.

రోజు విడిచి రోజు సాయంత్రం రఘుపతి లారీ ఆ గల్లీలో ఆగేది. ఇంజన్ ఆపకుండా కిందినుంచి కేకేసేవాడు. "ఇనవడ్తుందా బావా, నీ టర్బో పాట?"

ఇంజన్ గురగుర మీద సన్నగా, తియ్యగా ఈల వినిపించేది. సోమలింగం కళ్లు మూసుకుని వినేవాడు. ఒకరోజు మాత్రం అనుమానం వచ్చింది. "బండి నిలబడి ఉంటే గింత ఈల ఎయ్యదు కదా బావా?"

"బిగించింది ఎవరు మరి? ఉత్త మెకానిక్ బిగిస్తే ఎయ్యదు!"

సోమలింగానికి ఆ మాట మందుబిళ్ల కంటే బాగా పనిచేసింది. అనుమానాన్ని మింగేసి నిద్రపోయాడు.

భూదేవికి మాత్రం వేరే బాధ. వెనకాల వంటింట్లోంచి ఆమెకూ ఈల వినిపించేది. "లారీ వచ్చినప్పుడల్ల ఎవడో పోరంబోకు సీటీ కొడ్తున్నడు. ఈ ఈడుల నాకు ఇదేం ఖర్మ?" అని గదిముందు నిలబడి మొత్తుకునేది. ఆ వేళకు తల దువ్వుకోవడం మాత్రం మానలేదు.

పదిహేనో రోజు సాయంత్రం లారీ వచ్చింది. ఈల మొదలైంది. సోమలింగం ముక్కు ఒక్కసారి ఉలిక్కిపడింది.

"భూదేవీ! వాసన! డీజిల్ వాసనొస్తున్నదే!"

కింద భూదేవి ఏడుకొండలవాడికి మొక్కుకునేలోపు ఆయన రెండోసారి పీల్చాడు. మొహం మారిపోయింది. అది సగం కాలిన డీజిల్ నల్ల పొగ. ఇంజన్‌కు డీజిల్ ఎక్కువై గాలి చాలకపోతే వచ్చే వాసన. టర్బో తిరిగే బండికి అది రాదు.

రెండు మాస్కులు ఒకదాని మీద ఒకటి తగిలించుకుని మెట్లు దిగాడు. గల్లీ అంతా నల్లటి పొగ. ఆ పొగలో రఘుపతి క్యాబిన్‌లోంచి బయటికి వంగి, మాస్కు గడ్డం కిందికి లాక్కుని, కళ్లు మూసుకుని, మూతి సున్నాలా చుట్టి ఈల వేస్తున్నాడు.

"నువ్వా అన్నా!" అంది భూదేవి దువ్వెనతో గుమ్మంలోకి వచ్చి. ఆ గొంతులో కోపం ఎంతో, నిరాశ ఎంతో చెప్పడం కష్టం.

సోమలింగం బానెట్ ఎత్తాడు. టర్బో ఉండాల్సిన చోట ఓ ఇనుప పట్టీ బిగించి ఉంది.

"ఎన్నడు పోయింది?"

"నువ్వు పడ్డ మూడోనాడు. తొవ్వల సోన్‌గఢ్ కాడ ఒక మెకానిక్ విప్పి పట్టీ కొట్టిండు." రఘుపతి నేలచూపులు చూశాడు. "తప్పు నాదే బావా. వేడి మీద టక్కున బంద్ చేసిన. రెండు నిమిషాలు ఆగలే."

సోమలింగం ఆయన్ని ఎగాదిగా చూశాడు. పోలీసు లాఠీ ఎత్తినా ఆగినవాడు, ఫోను పెట్టడానికి కూడా ఆగేవాడు, ఘాట్ మీద ఆగలేదట! ఇంత చేతగాని అబద్ధం ఆయన జన్మలో వినలేదు.

"పాత సామాను తియ్యి."

రఘుపతి సీటు కిందినుంచి తువ్వాలు మూట తీశాడు. అందులో కాలిన టర్బో, దానికి ఆయిల్ తెచ్చే సన్నటి పైపు. సోమలింగం పైపులో తీగ దూర్చి కెలికితే చిక్కుడు గింజంత ఎర్రటి ముద్ద జారి అరచేతిలో పడింది. గ్యాస్కెట్ పేస్ట్. అతుకుల దగ్గర తను ధారాళంగా పూసే ఎర్ర పేస్టే అది. పైపు మొదటి టర్బోది. కొత్తది బిగించినప్పుడు కడగలేదు. రెండుసార్లూ ఆయిల్ అందక చచ్చిన టర్బోలను రెండుసార్లూ చంపింది తనే.

"నీకు ఎరుకే కదా?"

"మూతి కాడ ఎర్రగ అవుపడ్డది. తీసుడు మనసొప్పలే" అన్నాడు రఘుపతి. "నువ్వు జ్వరంల ఉంటివి. షెడ్డు బంద్ చేస్తనని మాటన్నవ్. చక్రం లేకపోతేంది, నోరుంది కదా అనుకున్న."

సోమలింగానికి సిగ్గు ముంచుకొచ్చింది. దాని వెనకాలే, ఈ పిచ్చి మనిషి మీద చెప్పలేనంత ప్రేమ ముంచుకొచ్చింది. సిగ్గే గెలిచింది.

"మాటంటే మాటే బావా. రేపటినుంచి షెడ్డు బంద్."

రఘుపతి వేలెత్తాడు. "రెండు నిమిషాలాగు."

"ఇప్పుడు కూడానా!"

"వేడి మీద ఏదీ బంద్ చెయ్యొద్దు. నువ్వు చెప్పిందే."

ఇద్దరూ గుమ్మం ముందు అరుగు మీద ఆ చివరొకరు, ఈ చివరొకరు కూర్చున్నారు. లారీ గురగురమంటూనే ఉంది. మొదటి నిమిషం సోమలింగం చెవుల్లో లూముల మోతే. రెండో నిమిషంలో ఆయన చేతులు, ఆయన్ని అడక్కుండానే, తీగతో పైపును లోపలిదాకా శుభ్రం చెయ్యడం మొదలుపెట్టాయి. రఘుపతి అది చూసీ చూడనట్టు ఆకాశం వంక చూశాడు.

భూదేవి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని అరిచింది. "అయినయా మీ రెండు నిమిషాలు? పొగకు నా గోడలు నల్లగైతున్నయ్. జల్ది బంద్ చెయ్యున్రి!"

"ఏది చెల్లె, షెడ్డా?" అన్నాడు రఘుపతి.

"బండన్నా, బండి! షెడ్డు బంద్ చేస్తే ఈ మనిషి పొద్దుందాక ఇంట్ల ఉంటడు. ఎవలు భరించాలె?"

షెడ్డు బతికిపోయింది. వారం తిరిగేసరికి మూడో టర్బో, కొత్త పైపుతో, పేస్టు చుక్కైనా లేకుండా కూర్చుంది. మొదటి ట్రిప్పులో ఘాట్ ఎక్కి పైనుంచి రఘుపతి ఫోన్ చేశాడు.

"ఎక్కింది బావా. సక్కగ ఎక్కింది. ఉంట మరి."

ఉంట అన్నాడే గాని పెట్టలేదు. సోమలింగం కూడా పెట్టలేదు. ఈసారి మర్యాదకు కాదు, వినాలని. ఇంట్లో కూర్చుని స్పీకరు ఆన్ చేశాడు. ఇంజన్ గురగుర వినిపించింది. కాసేపటికి దాని మీద సన్నటి ఈల.

"బావా, అది టర్బోనా, నువ్వా?"

అవతల ఈల ఇంకాస్త తియ్యగా సాగింది. వంటింట్లోంచి భూదేవి గొంతు వినిపించింది.

"మల్ల షురూ చేసిండా? నా దువ్వెన ఏది?"