హినెక్ బూట్ల నలుపు

మా బ్లాజెనత్తకి సైనికులంటే లెక్కలేదు. ఏటా ఏప్రిల్ వచ్చేసరికి కోతెరోవ్ పేటలో ఆవిడ పెరట్లో, బట్టలుతికే గది ముందు, అమెరికా సైన్యం వరుస కడుతుంది. అందులో ఒకడు పళ్ళ డాక్టరు, ఒకడు పోస్టాఫీసు గుమాస్తా, ఇంకొకణ్ణి నేను, ట్రామ్ డ్రైవర్ని. 1945 మే నెలలో అమెరికా సైన్యం వచ్చి మా పిల్సెన్ ఊరిని జర్మన్ల నుంచి విడిపించిన రోజును మేం ఏటా వేషాలు కట్టి మళ్ళీ జరిపిస్తాం. యూనిఫాం కుట్టించుకోవచ్చు, జీపు అద్దెకి తెచ్చుకోవచ్చు. చిక్కంతా బూట్ల దగ్గరే. అసలువి కొనాలంటే ఇల్లు తాకట్టు పెట్టాలి. మా పాత సైన్యం బూట్లయితే చవగ్గా దొరుకుతాయి, కోత కూడా ఇంచుమించు అదే. కానీ అవి కాటుకంత నలుపు, అమెరికావాళ్ళవి ఇటుక ఎరుపు కలిసిన గోధుమ రంగు. ఆ నలుపు వదలగొట్టి ఈ ఎరుపు ఎక్కించగలిగిన మనిషి మా చుట్టుపక్కల బ్లాజెనత్త ఒక్కతే.

చెప్పులు కుట్టే హినెక్ కూతురావిడ. వయసంతా సీసాల ఫ్యాక్టరీలో గడిచింది, భర్త యారోమీర్ పోయాడు, పిల్లల్లేరు. పింఛను పుచ్చుకున్నాక తండ్రి ఉలులూ బ్రష్షులూ అటక మీంచి దించుకుంది. మా పెరడూ వాళ్ళ పెరడూ ఒకటే కాబట్టి చిన్నప్పటినుంచీ నాకు ఆవిడ అత్త. నా పేరు వెందా అయినా, ఆవిడకి మాత్రం నేను సార్జెంటుని. మా దళంలో నాకా హోదా పొట్టని చూసి ఇచ్చారని ఆవిడ అభిప్రాయం.

దళంలో చేరిన కొత్తలో నా బూట్లు మెత్తబడాలని కొవ్వు దట్టంగా పట్టించి తీసుకెళ్ళాను. అత్త వేలితో తాకి వాసన చూసింది.

"ఏం పూశావురా వీటికి?"

"పందికొవ్వు అత్తా. మెత్తగా ఉంటాయని."

"ఉల్లిపాయలు కూడా వేయకపోయావా, వేయించుకు తినేవాళ్ళం. జిడ్డున్న తోలుకి రంగు పట్టదురా మొద్దూ. పైపైన కూర్చుంటుందంతే, ఎప్పుడు తుడిస్తే అప్పుడు పోతుంది. ముందు జిడ్డు తియ్యాలి, తరవాతే రంగు. మా నాన్న దగ్గర నేను నేర్చుకున్న మొదటి పాఠం ఇదే."

ఆ బూట్ల జిడ్డు నా చేతే తీయించింది. స్పిరిట్ గుడ్డతో రుద్ది రుద్ది నా చేతులు బొబ్బలెక్కాయి. తరవాత సబ్బుతో కడిగి, పాత పేపర్లు కూరి నీడన ఆరబెట్టింది. పచ్చి అక్రోటు తొక్కల్ని ఉడికించిన నీళ్ళలో ఎర్ర రంగు కలిపి, గుడ్డతో పూతమీద పూత వేసింది. అంతా అయ్యాక తేనెమైనం. పని నెమ్మదే కానీ, ఆవిడ చేతిలో ఆ ముసలి తోలు మళ్ళీ ప్రాణం పోసుకుంటుంటే చూడటం నాకెంతో ఇష్టం. అందుకే పని లేకపోయినా వెళ్ళి కూర్చునేవాణ్ణి.

ఏది సరైన ఎరుపు అన్నదాని మీద మా దళంలో కొట్లాటలు జరిగేవి. ఆ కాలపు ఫోటోలన్నీ నలుపు తెలుపువే కదా. పళ్ళ డాక్టరు ఏదో పత్రిక పట్టుకొచ్చి వాదించేవాడు. అత్త అలమర తెరిచి ఒక నల్లబూటు తీసి, తాళ్ళు విప్పి, నాలుక వెనక్కి మడిచేది. పైనంతా నలుపు, ఆ మడత లోపల మాత్రం బొటనవేలంత మేర ఎర్రటి తోలు. పూత వేసిన ప్రతి బూటునీ గుమ్మం దగ్గర వెలుగులో దాని పక్కన పెట్టి చూసేది. అంతటితో వాదన ముగిసేది.

ఆ నల్లబూట్లు అత్త తండ్రి హినెక్‌వి, నేనాయన్ని తాత అనేవాణ్ణి. ఆ మే నెలలో వాళ్ళింట్లో దిగిన అమెరికా కుర్రాడొకడు, అరిగిన తన బూట్ల అడుగులు మార్చి ఇచ్చినందుకు, వెళ్ళిపోతూ తన రెండో జత ఆయనకిచ్చిపోయాడు. మూడేళ్ళకి కమ్యూనిస్టు ప్రభుత్వం వచ్చింది. ఆ సైన్యం అసలు రానేలేదని బళ్ళో పాఠం చెప్పారు. అమెరికా అన్న మాట నోట్లోంచి వస్తే ఉద్యోగం ఊడే రోజులు. వీధిలో ఇలాంటి బూట్లున్నవాళ్ళందరూ ఒక్కొక్కరే హినెక్ దగ్గరికి వచ్చి నల్లరంగు వేయించుకున్నారు. ఆ నలుపు వానకీ మంచుకీ చెక్కు చెదరలేదు. తన బూట్లకీ ఆయనే వేసుకున్నాడు. చిత్రంగా అదొక్కటే నిలవలేదు. గడప మీద మరక, నేల మీద మరక, ప్యాంటు అంచుకి మరక. పెళ్ళాం సణిగేది, ఇరుగుపొరుగు నవ్వేవాళ్ళు. ఆయన మాత్రం "తుడిస్తే పోతుందిలే" అని, ప్రతి శనివారం సాయంత్రం స్టూలు మీద కూర్చుని మళ్ళీ నలుపు పూసుకునేవాడు.

అత్తకి ఆ శనివారాలంటే మహా మంట. ఎందుకో ఒకసారి చెప్పింది. పదహారేళ్ళప్పుడు మా ఊరి పిల్లలందరిలాగే ఆవిడా డాన్సు బడికి వెళ్ళింది. చివరిరోజు తల్లిదండ్రులొస్తారు, కూతుళ్ళు తండ్రులతో నాట్యం చెయ్యాలి. వాళ్ళమ్మ కష్టపడి తెల్లబూట్లు కొనిపెట్టింది. హినెక్ ఉన్న ఒక్క జతా తొడుక్కొచ్చాడు. నాట్యంలో కాళ్ళు తగిలి ఆ తెల్లబూట్ల మీద నల్లటి చారలు పడ్డాయి. పిల్లలు నవ్వారు.

"దారంతా నాన్నకి పదడుగులు ముందే నడిచానురా నేను," అంది అత్త. "ఇంటికొచ్చాక అడిగాను. ఎవరో చూస్తారని వారం వారం భయం పూసుకుంటావే, అంత పిరికివాడివేంటి నాన్నా అని. నాన్న గుడ్డ తెచ్చి, నా కాళ్ళ దగ్గర కూర్చుని, తుడిస్తే పోతుందిలే అమ్మా అని తుడిచాడు."

ఆయన 1987లో పోయాడు. పిరికివాడన్న ఆ మాట అత్త గొంతులో ముల్లులా ఉండిపోయింది. వెనక్కి తీసుకోలేదు, తీసుకోవడానికి కారణమూ కనపడలేదు.

డెబ్భయ్యో వార్షికోత్సవం ముందు మా దళపతి రదిమ్ మాస్టారు నన్ను రాయబారం పంపాడు. టౌన్‌హాల్ ముందు అద్దాలపెట్టెలో అసలైన జత ఒకటి పెడదామని, హినెక్ బూట్ల నలుపు తీసి ఇవ్వమని. మంచివాడే పాపం, అడగడానికి మొహం చెల్లక నన్ను తోశాడు. నేను విషయం చెప్పేసరికి అత్త బంగాళాదుంప అట్టు తిప్పుతూ తిప్పుతూ ఆగిపోయింది. అట్టు మాడింది.

"తీస్తే నాన్న చేతిపని పోతుంది. ఉంచితే నాన్న భయం ఉంటుంది. ఏది ఉంచుకోనురా?"

"నాకేం తెలుసు అత్తా. వద్దంటే వద్దని చెప్పేస్తాను."

"ఉండు. తొందరేముంది."

ఆ తరవాత చాలా రోజులు ఆ మాట ఎత్తలేదు. ఒక ఉదయం కిటికీలోంచి నన్ను కేకేసి, పెద్ద స్పిరిట్ సీసా కొనుక్కు రమ్మంది. "మా నాన్న ఏళ్ళ తరబడి పొరమీద పొర వేసిన నలుపు. సాయంత్రం దాకా రుద్దాలి. నువ్వూ ఉండు."

బట్టలుతికే గది తలుపులు బార్లా తెరిచి, బల్లమీద బూట్లు పెట్టింది. కుడిబూటు ఒళ్ళోకి తీసుకుని కాసేపు అలా నిమిరింది. తరవాత గుడ్డ తడిపి, మడమ దగ్గర ఒక్కసారి రుద్దింది.

నలుపంతా గుడ్డకి వచ్చేసింది. కింద ఎర్రటి తోలు, నిన్న దుకాణంలోంచి తెచ్చినట్టు మెరుస్తోంది.

అత్త గుడ్డ వంక చూసింది, బూటు వంక చూసింది. మళ్ళీ రుద్దింది, ఈసారి పొడి గుడ్డతో. అయినా వచ్చింది. గోటితో గీకి ముక్కు దగ్గర పెట్టుకుంది.

"మైనం," అంది. "కింద మైనం ఉందిరా వెందా. కొవ్వూ మైనమూ కలిపి దట్టంగా పట్టించి, దాని మీద వేశాడు నలుపు."

"అంటే తాత కూడా నాలాగే…"

"నీలాగా? ఊళ్ళోవాళ్ళ బూట్లన్నిటికీ జిడ్డు తీసి వేసినవాడికి తన బూట్లకి తీయాలని తెలీదా?"

ఆవిడ బోర్లించిన తొట్టి మీద కూలబడింది. నాక్కూడా అప్పుడే తలకెక్కింది. ఒక్క పూట కష్టపడి ఉంటే ఆ నలుపు జన్మంతా నిలిచేది. ఆయన అలా వెయ్యలేదు. ఎరుపు పాడవకుండా కింద దాచి, నిలవని నలుపు పైన వేసి, అది చెరిగినప్పుడల్లా మళ్ళీ పూసుకుంటూ ముసలివాడైపోయాడు. పెళ్ళాం సణుగుడూ, వీధి నవ్వులూ, కూతురి మాటా అన్నీ పడ్డాడు.

"ఎప్పటికైనా మళ్ళీ ఎర్రగా తొడుక్కుందామనుకున్నాడు," అంది అత్త. "ఆ రోజొస్తుందని అనుకున్నాడు. ఇంట్లో ఒక్కరికీ చెప్పలేదు. నేనేమో…"

బూటుని రెండుచేతుల్తో పట్టుకుని ముఖానికి దగ్గరగా తెచ్చుకుంది. "ఇంకొక్క రెండేళ్ళు ఆగలేకపోయావా నాన్నా. ఆ ప్రభుత్వమే పోయింది కదా." ఇక నేనక్కడ ఉండలేకపోయాను. కాఫీ పెడతానని చెప్పి పెరట్లోకి వెళ్ళి, ట్రామ్ డ్రైవరు ఏడవకూడదని ఎక్కడా రాసిలేదు కదా అని కాసేపు ఏడ్చాను.

కాఫీ పట్టుకొచ్చేసరికి కుడిబూటు మొత్తం ఎర్రగా ఉంది. స్పిరిట్ సీసా మూత బిగించి ఉంది.

"రెండోది?"

"అది అలాగే ఉండనీ. అది ఆయన శనివారాల కష్టం. మీ మాస్టారికి చెప్పు, అద్దాలపెట్టెకి వేరేవి చూసుకోమని. నడవమని ఇచ్చిన బూట్లురా ఇవి."

రదిమ్ మాస్టారు వచ్చి, చూసి, టోపీ తీసి చేత్తో పట్టుకుని, కాసేపు నిలబడి వెళ్ళిపోయాడు.

మే నెలలో ఊరేగింపు అయ్యాక చౌకులో బ్యాండు మొదలైంది. బీరు గ్లాసు పట్టుకుని నిలబడ్డాను. జనంలోంచి బ్లాజెనత్త వస్తోంది. మంచి గౌను వేసుకుంది, కింద హినెక్ బూట్లు, ఒకటి ఎరుపు, ఒకటి నలుపు. వదులు కాకుండా రెండు జతల ఊలు మేజోళ్ళు తొడిగినట్టుంది.

"ఏం సార్జెంటూ, నాట్యం వచ్చా, పొట్ట పెంచడమొక్కటే వచ్చా?"

"వచ్చు అత్తా. కాళ్ళు తొక్కుతానంతే."

"తొక్కు. వీటికి అలవాటే."

ఆ వయసులో ఆవిడ నాట్యం నాకంటే ఎన్నో రెట్లు నయం. అడుగులు నేనే తప్పాను. పాట సగంలో ఆవిడ ఎడమకాలు నా కుడికాలికి రాసుకుంది. వంగి చూసుకున్నాను. స్వయంగా ఆవిడే నెలంతా కష్టపడి ఎరుపెక్కించిన నా బూటు మీద, వేలెడు పొడుగున నల్లటి చార.

అత్త కూడా చూసింది. నవ్వుతూనే ఉంది, కళ్ళు మాత్రం తడిగా ఉన్నాయి.

"తుడిస్తే పోతుందిలేరా," అంది.

నేను తుడవలేదు.