మా తమ్ముడి మైకు ఆగిన మూడు ఇళ్ళు

ఇది మొదలైంది కార్తీకంలో రెండో గురువారం, ఉదయం పదకొండు గంటల పది నిమిషాలకు. ఇంత కచ్చితంగా ఎలా చెప్తున్నానంటే, ఆ రోజు ఏ ఊళ్ళో ఎప్పుడు ఆగామో, ఎవరికి ఏం ఇచ్చామో నోటు పుస్తకంలో రాసుకుంటూ వెళ్ళాను. ఆ పుస్తకం ఇప్పుడు నా ముందే ఉంది.

నేను దయ్యాలను నమ్మే మనిషిని కాను. నారాయణఖేడ్‌లో ముప్పై ఒక్క సంవత్సరాలు ఆడపిల్లలకు లెక్కలు చెప్పాను. బడి వెనక గదిలో ఎవరో ఏడుస్తున్నారని పిల్లలు భయపడితే, తాళం తీయించి, ఊడిపోయిన రేకు గాలికి కొట్టుకుంటోందని చూపించింది నేనే. ఇప్పుడు నాకు డెబ్బై ఒకటి. చూపు బాగానే ఉంది, చెవులు ఇంకా బాగున్నాయి. ఇది చదివే ముందు ఆ సంగతి తెలియాలి.

మా తమ్ముడి పేరు సంగప్ప. ఊళ్ళవాళ్ళు సంగన్న అనేవారు. వాడు పెళ్ళి చేసుకోలేదు. నా భర్త తొందరగా పోయాడు. ఇరవై ఎనిమిదేళ్ళు మేమిద్దరం బస్సు డిపో వెనక రెండు గదుల ఇంట్లో ఉన్నాం. వాడు మోటారు సైకిల్ మీద ఊరూరు తిరిగి గ్యాస్ పొయ్యిలు, కుక్కర్లు బాగు చేసేవాడు. బండికి మైకు ఉండేది. సీటు పక్కన ఆంప్లిఫయర్, దానికి పెన్‌డ్రైవ్‌తో పాడే చిన్న ప్లేయర్. రెండు భజన పాటలు, తర్వాత వాడి సొంత గొంతు. "గ్యాస్ పొయ్యి బాగు చేస్తం, కుక్కరు బాగు చేస్తం, కొత్త రబ్బరేస్తం, విజిలేస్తం, రాండ్రి అమ్మా, జల్దీ రాండ్రి." ఒక నిమిషం నలభై రెండు సెకన్లు. అయిపోగానే ఆ పిలుపే మళ్ళీ మొదలయ్యేది.

భాద్రపదంలో ఒక ఉదయం టిఫిన్ తిని, గడప మీద కూర్చుని చెప్పులు వేసుకుంటూ పక్కకు ఒరిగాడు. దవాఖానకు చేరేసరికే అయిపోయింది. వాడికి అరవై నాలుగు.

దినాలు అయ్యాక ఇల్లు సర్దుతుంటే మంచం కింద పదకొండు కుక్కర్లు కనిపించాయి. ఊళ్ళలో బాగు కానివి ఇంటికి తెచ్చి, బాగు చేసి, మళ్ళీ వారం ఇచ్చి వచ్చేవాడు. అన్నీ బాగు చేసి ఉన్నాయి. ఒక్కదాని మీదా పేరు లేదు, ఊరు లేదు. పిడికి ఒక గుడ్డ పేలిక కట్టి ఉంది, అంతే. పేర్లు రాసి పెట్టుకోమని వాడితో ఎన్నిసార్లు గొడవ పడ్డానో లెక్కలేదు. వాడి జవాబు ఎప్పుడూ ఒకటే. "నా గొంతు ఇంటే వాళ్ళే వస్తరక్కా."

పదకొండు ఇళ్ళలో ఆడవాళ్ళు కుక్కర్ లేకుండా వండుకుంటున్నారు. ఒకరి సొమ్ము ఇంట్లో పెట్టుకుని నాకు నిద్ర పట్టదు. వాడు ఏ వారం ఏ ఊళ్ళకు వెళ్ళేవాడో నాకు తెలుసు, సద్ది కట్టింది నేనే కాబట్టి. ఇళ్ళు తెలియవు. వాడన్నట్టు వాడి గొంతు వినిపిస్తూ వీధి వీధి తిరగడం తప్ప దారి లేదు.

మా వాడకట్టులో మహబూబ్ అని బండ్ల మెకానిక్ ఉన్నాడు. నలభై దాటిన మనిషి. సంగప్ప మైకు బిగించింది అతనే. అడగగానే సరే అన్నాడు. అతనికి పల్లెల దారులు తెలియవు కాబట్టి ఫోన్‌లో జీపీఎస్ పెట్టుకుందామన్నాడు. ఎండలో ఫోన్ తెర కనపడదు, బండి చప్పుడుకు మాట వినపడదు. అందుకని ఫోన్‌ను కూడా ఆ ఆంప్లిఫయర్‌కే కలపాలి.

ఆ పని రెండు పూటలు పట్టింది. నేను కుర్చీ వేసుకుని చూశాను. ప్లేయర్ వైరు, ఫోన్ వైరు నేరుగా ఒకే పిన్నులో కలిపితే ఒకదాని శబ్దాన్ని ఇంకొకటి మింగేసింది. అతను రెండు వైర్లలోనూ చిన్న రెసిస్టర్లు అతికించాడు. అప్పుడు రెండూ వినపడ్డాయి కానీ, బండి రేసు ఇస్తే మైకులో సన్నగా కూత. ఆంప్లిఫయర్ నెగెటివ్ వైరు తీసి నేరుగా బ్యాటరీకి కలిపితే ఆ కూత కూడా పోయింది. తర్వాత బండిని నిలబెట్టి, ఇంజను నడుపుతూ నలభై నిమిషాలు మోగించాం. ఒక్కసారి కూడా ఆగలేదు. ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, వైరు వదులై ఉంటుందని అందరూ అంటారు.

ఆ రోజే మహబూబ్ ఒక మాట అన్నాడు. "అక్కా, సంగన్న గొంతు కూడ ఫోన్ల ఏసుకుందం. ఒక్క వైరుతోనే పనైతది. రెండెందుకు?"

"వాడు పెట్టింది వాడు పెట్టినట్టే ఉండనీ" అన్నాను.

గురువారం బోరంచ వైపు వెళ్ళాం. నేను వెనక కూర్చున్నాను, రెండు పక్కలా గోనె సంచుల్లో కుక్కర్లు. మొదటి ఊళ్ళోకి తిరుగుతుంటే వాడి పిలుపు మధ్యలో ఫోన్‌లో అమ్మాయి, వంద మీటర్ల తర్వాత కుడివైపు తిరగమని ఊరంతటికీ వినిపించేలా చెప్పింది. చాయ్ హోటల్ ముందు కూర్చున్న ఒకాయన నవ్వాడు. "ఏంది, సంగన్న మైకుల ఆడమనిషి మాట్లాడుతుంది? ఆఖరుకు పెండ్లి చేసుకున్నడా ఏంది?"

మహబూబ్ బండి ఆపి, దిగి, దగ్గరకు వెళ్ళి సంగతి చెప్పాడు. ఆయన చాయ్ గ్లాసు కింద పెట్టి లేచి నిలబడ్డాడు. మేం ఆ వీధి దాటేదాకా నిలబడే ఉన్నాడు.

పదకొండు గంటల పది నిమిషాలకు ఒక సందులో మైకు ఆగిపోయింది. ఆగింది వాడి గొంతు ఒక్కటే. అదే సమయంలో ఫోన్ అమ్మాయి ఎడమవైపు తిరగమంది, ఆ మాట స్పష్టంగా వినిపించింది. అంటే ఆంప్లిఫయర్ బాగుంది, మైకు బాగుంది. కొంచెం ముందుకు పోగానే వాడి గొంతు మళ్ళీ వచ్చింది. ఆగిన చోటి నుంచి కాదు, మధ్యలో కొన్ని మాటలు దాటిపోయాక, తర్వాతి మాటల నుంచి. ఎవరో శబ్దం తగ్గించి మళ్ళీ పెంచినట్టు.

వైరు అన్నాడు మహబూబ్. బండి ఆపి కొత్త వైరు వేశాడు. నేను తమలపాకుల డబ్బీలో సున్నం తీసి, ప్లేయర్‌కు శబ్దం తగ్గించి పెంచే మీట నుంచి పెట్టె మీదకు ఒక గీత గీశాను. మీట ఏ కొంచెం తిరిగినా గీత విరగాలి. మళ్ళీ అదే సందులోకి వెళ్దామన్నాను. మళ్ళీ అదే చోట ఆగింది, అదే చోట వచ్చింది. గీత తిన్నగానే ఉంది. మూడోసారి నేను దిగి బండి పక్కనే నడుస్తూ కొలిచాను. నల్లా దగ్గర ఆగింది, ఒక ఇంటి రేకుల పందిరి దాటగానే వచ్చింది, మధ్య పదహారు అడుగులు.

అంతలో ఆ ఇంటిలోంచి ఒకామె వచ్చింది. సంచిలోంచి ఎర్ర పేలిక ఉన్న కుక్కర్ తనే తీసుకుంది. పేలిక తన పాత చీరదేనట. ఎవరి కుక్కర్‌కు వాళ్ళింటి గుడ్డే కట్టించుకునేవాడట, చూడగానే పోల్చుకుంటారని. సంగన్న ఏడీ అని అడిగింది. చెప్పాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత అంది:

"ఇయ్యాల గూడ మైకు బంజేసిండ్రు గద. సంగన్న గిట్లనే మా ఇంటి ముందర బంజేస్తుండె. మా అత్త మంచాన పడ్డది, చప్పుడు పడదు. మీకు చెప్పిండా?"

నాకు చెప్పలేదు. ఇంట్లో టీవీ తగ్గించమని ఇరవై ఎనిమిదేళ్ళు చెప్పినా వినని మనిషి, ఇక్కడ పదహారు అడుగుల మేర మైకు ఆపి వెళ్ళేవాడు. నాకు కొంచెం కోపం వచ్చిందని దాచకుండా రాస్తున్నాను.

ఆ రోజు నాలుగు కుక్కర్లు ఇచ్చాం.

శనివారం కంగ్టి వైపు. పన్నెండు గంటల ఐదు నిమిషాలకు ఒక ఇంటి ముందు మళ్ళీ ఆగింది. ఈసారి మహబూబ్ బండి నిదానం చేశాడు. ఆ ఇంటి ఇల్లాలు పత్తి ఏరడానికి బయల్దేరుతూ కనిపించింది. అడిగితే నవ్వింది.

"మా పిలగాడు ఊయలల ఉన్నప్పుడు ఒక్కపారి చెప్పిన, అన్నా, ఇప్పుడే పండిండని. గంతే. గప్పటి సంది బంజేస్తనే ఉన్నడు. వాడిప్పుడు మూడో తరగతి. బడికి పోయిండు. నేను చెప్తనే ఉంటి, ఇగ పెట్టుకో అన్నా అని. ఇనలే."

ఆమె నవ్వు చూసి నాకూ నవ్వొచ్చింది. ఆ రోజు తిరుగు దారిలో భయం లేదు. నిజం చెప్పాలంటే, రెండు నెలల్లో మొదటిసారి ఇంటికి వెళ్ళాక అన్నం పూర్తిగా తిన్నాను. వాడు ఎలా నడుచుకునేవాడో ఆ పెట్టెకు ఎలాగో పట్టుబడింది, ఎలా అన్నది తర్వాత తేలుతుందిలే అనుకున్నాను. ఆరు కుక్కర్లు ఇచ్చాం. ఒక్కటి మిగిలింది. చిన్నది, మూడు లీటర్లది, ఆకుపచ్చ పేలిక.

మంగళవారం వాడు వెళ్ళేది కంగ్టి దాటాక, కర్ణాటక సరిహద్దుకు దగ్గరి ఊరు. సగం ఇళ్ళకు తాళాలే, పనికి వలస పోయారు. పదిన్నరకు ఊళ్ళోకి వెళ్ళాం. ఖాళీ వీధుల్లో వాడి గొంతు గోడలకు తగిలి వెనక్కి వస్తోంది. పది గంటల నలభై ఎనిమిదికి, ఊరి చివర ఒక పెంకుటింటి ముందు ఆగింది.

గుమ్మంలో దీపం ఉంది. నలభై ఏళ్ళ మనిషి అరుగు మీద గడ్డం మాసి కూర్చున్నాడు. అతని భార్య బయటకు వచ్చి ఆకుపచ్చ పేలిక పట్టుకుని చూసింది, అత్త చీరదే అంది. ముసలామె ఒక్కతే ఇక్కడ ఉండేదట. వీళ్ళు హైదరాబాద్‌లో కూలి పని. ఆమె మొన్న శుక్రవారం పోతే వచ్చారు.

పక్కింటామె గోడ మీది నుంచి చూస్తోంది. ఇక్కడ కూడా మా తమ్ముడు మైకు ఆపేవాడా అని ఆమెనే అడిగాను.

"ఈడ ఎందుకు బంజేస్తడు? ఆమె చెవిటిది. ఈడికొచ్చి ఇంకింత పెంచేటోడు. ఆమె బయటికొచ్చేదాక గీ అరుగు ముందట్నే మోగిస్తుండె."

మా వైపు మైకు బండ్ల వాళ్ళు పాటించే పద్ధతి ఒకటుంది. చావు జరిగిన ఇంటి ముందు దినాలు అయ్యేదాకా చప్పుడు చేయరు. మా తమ్ముడు పోయింది భాద్రపదంలో. ఆమె పోయింది ఆ ముందటి శుక్రవారం.

మహబూబ్ నా వైపు చూసి మెల్లగా అన్నాడు. "అక్కా, ఇది వైరు కాదు."

ఇంట్లో మైల ఉంది, ఇప్పుడేదీ ముట్టుకోం అన్నాడు కొడుకు. దినాలయ్యాక మళ్ళీ తెస్తానన్నాను. వద్దన్నాడు. దినాలయిన పొద్దుకే తాళం వేసి పోతామని, అమ్మ వండుకున్న కుక్కర్ చూస్తూ ఉండలేనని, నన్నే ఉంచుకోమని అన్నాడు.

బండి కదిలింది. నేను లెక్కపెడుతున్నాను. పదహారు అడుగులు, ఇరవై, నలభై. ఇంటి గోడ దాటింది, ఊరి చివరి స్తంభం దాటింది. వాడి గొంతు రాలేదు. ఫోన్ అమ్మాయి మాత్రం నేరుగా వెళ్ళమని చెప్తూనే ఉంది. నారాయణఖేడ్ చేరేదాకా ఆమె ఒక్కతే మాట్లాడింది.

ఇంటికొచ్చి అన్నీ విప్పి చూశాం. అదే పెన్‌డ్రైవ్‌లో రెండు భజనలూ వచ్చాయి. వాడి పిలుపు దగ్గరకు వచ్చేసరికి ప్లేయర్‌లో అంకెలు కదులుతాయి, సరిగ్గా ఒక నిమిషం నలభై రెండు సెకన్లు నడుస్తాయి, శబ్దం లేదు. సంగారెడ్డిలో ఫొటో స్టూడియో నడిపే నా పాత విద్యార్థిని దగ్గరకు తీసుకెళ్ళాను. కంప్యూటర్‌లో పెట్టి చాలాసేపు చూసింది. చెరిపేస్తే ఫైలే ఉండకూడదంది, చెడిపోతే గరగర రావాలంది. "ఎవరూ లేని గదిలో రికార్డు పెట్టి వదిలేసినట్టుంది టీచర్" అంది.

ఫోన్‌లో వేసుకుందామన్న రోజు నేను సరే అని ఉంటే ఇంకో ప్రతి ఉండేది. ఆ ప్రతి కూడా అక్కడే ఆగిపోయేదేమో. దాన్ని నేను తేల్చలేను. వైరు మార్చి చూశాను, మీటకు గీత గీసి చూశాను, అడుగులు కొలిచి చూశాను. చూడగలిగిందంతా చూశాను. మొదటి రెండు ఇళ్ళ సంగతి అలవాటు అనుకున్నా, మూడో ఇంటి సంగతి వాడికి ఎవరు చెప్పారో నాకు ఇప్పటికీ తెలియదు.

పుస్తకంలో ఆ రోజు కింద రాసుకున్నది ఇది. ఇచ్చిన కుక్కర్లు పది, మిగిలింది ఒకటి, నా దగ్గర ఉంది, అడిగేవాళ్ళు లేరు. పోయినవి: చెవిటి ముసలామె, నేను ముఖం చూడలేదు. మా తమ్ముడు సంగప్ప. వాడి గొంతు, ఒక నిమిషం నలభై రెండు సెకన్లు, ఉన్నది ఆ ఒక్క ప్రతే.