దొరసాని నాచేత చదివించిన ఉత్తరం

మిషను ట్రైనింగు స్కూలు నుంచి బయటపడ్డ ఆడపిల్లకు ఆ రోజుల్లో లోకమంతా తన కోసమే సున్నం కొట్టించుకుని ఎదురుచూస్తోందని అనిపించేది. నాకైతే మరీను. పందొమ్మిదేళ్ళ వయసు, కడపలో పుట్టి పెరిగానన్న గర్వం, గంజి పెట్టిన తెల్లచీర, కిర్రుమనే కొత్త చెప్పులు. కడపలోనే ఏదో పెద్ద బడిలో వేస్తారనుకుంటే, ఆలూరు అవతల నల్లరేగడి చేల మధ్య ఒక పల్లెకు పంపారు. రైలు దిగి ఎద్దులబండి ఎక్కినప్పుడు మొదలుపెట్టిన సణుగుడు మూడు నెలలైనా ఆపలేదు. ఎండ మీద సణిగాను, గాలి మీద సణిగాను. (ఆదివారం ఆరాధనలో కళ్ళు మూసుకుని కూడా సణిగాను. అది ప్రార్థన అనుకుని పక్కవాళ్ళు ఆమెన్ అన్నారు.)

నా బస స్తోత్రమవ్వ ఇంట్లో. ఆమె ఇల్లిల్లూ తిరిగి ఆడవాళ్ళకు వాక్యం చెప్పే బైబిలమ్మ. అసలు పేరు ఏదైనా, దేనికైనా ‘స్తోత్రం’ అంటుంది కాబట్టి ఊరంతా ఆ పేరుతోనే పిలిచేది. తేలు కుట్టకుండా పక్కనుంచి పోతే స్తోత్రం. వానలు లేని ఆ ఏడు ఒక మబ్బు వచ్చి ఊరికే వెళ్ళిపోతే, కాసేపు నీడ ఇచ్చినందుకు స్తోత్రం. ఆమె అలా అన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది. ఆ మంటలోనే ఒకనాడు మూడు కాగితాలకు రెండు వైపులా మా మిషను దొరసానికి ఉత్తరం రాసి తపాలాలో వేశాను. ఊళ్ళో ఉన్న కష్టాలన్నీ అందులో పెట్టాను. లేనివి ఒకటి రెండు కూడా పెట్టి ఉంటాను.

నెల తిరక్కుండానే దొరసాని బండి కట్టుకుని వచ్చింది. ఆదివారం ఆరాధన మా బడి కొట్టంలోనే జరిగేది. ఆరాధన అయ్యాక ఆమె లేచి, మిషను చేతిలో సొమ్ము తగ్గిందని, కొన్ని పల్లెబడులు మూయక తప్పదని, ఈ బడి ఉంచాలా మూయాలా అని చూడడానికే వచ్చానని చెప్పింది. ఆ బడి పోతే ఆ ఊళ్ళో ఆడపిల్లలకు చదువన్నది మళ్ళీ ఉండదని అందరికీ తెలుసు. అప్పుడు దొరసాని తన సంచీలోంచి నా ఉత్తరం తీసింది. ఆమెకు తెలుగు అచ్చు పుస్తకమైతే చదవడం వచ్చు, చేతిరాత అందదు. చదివిపెట్టే గుమాస్తా సెలవులో ఉన్నాడట.

“ఇంత పొడవైన ఉత్తరము ఇంతవరకు ఏ ఉపాధ్యాయినియు నాకు వ్రాయలేదు. ఇందులో గొప్ప ఆసక్తి కలదు. మీ నోటనే అందరును విందురు గాక” అని ఆ కాగితాలు నా చేతిలో పెట్టింది.

మొదటి వాక్యం, ఈ కొట్టానికి గడ్డి ఊడి ఎండ నేరుగా నెత్తిన పడుతోందని. ఎదురుగా ఆ గడ్డి కప్పినవాళ్ళే కూర్చుని ఉన్నారు. నోరు తెరిచాను. “మా కొట్టంలో వెలుతురుకు కొదవ లేదు. వెనక వరుస పిల్లకు కూడా పలక చక్కగా కనిపిస్తుంది” అని వచ్చింది. పిల్లలు మేకల్ని బడికి తోలుకొస్తారని, ఒక మేక నా హాజరు పట్టీ తినేసిందని రాశాను. పిల్లలకు చదువు మీద ఎంత ఆశంటే మేకల్ని వెంటబెట్టుకునైనా బడికి వస్తారే గాని మానరని చదివాను. పొద్దున రొట్టె, రాత్రి సంగటి, గొంతు దిగడం లేదని రాసినచోట, ఇంత కరువులోనూ ఇంటికొకరు వంతు వేసుకుని నాకు ఒక్క పూట పస్తు లేకుండా పెడుతున్నారని చదివాను. ఆ మాట అంటూ తలెత్తితే, క్రితం రోజు సంగటి తెచ్చిన తల్లి కొంగుతో కళ్ళు తుడుచుకుంటోంది. నిజమే కదా, వాళ్ళు తినకుండా పెడుతున్నారు కదా అని నాకు ఆ క్షణం దాకా తోచనే లేదు. తర్వాత స్తోత్రమవ్వ తెల్లవారుజామున పాడే కీర్తనల గురించి. (పగిలిన కుండను బండకేసి రాచినట్టు అని రాశాను.) తేనెలాంటి గొంతు అని చదివాను. ఇక ఆఖరి వాక్యం. దయచేసి నన్ను క్రిస్మసుకు ముందే కడపకు మార్చండి. కాగితం మడిచేస్తూ, “దయచేసి నన్ను ఈ ఊళ్ళోనే ఉంచండి” అన్నాను.

దొరసాని కళ్ళజోడు తీసి తుడుచుకుని, ఈ ఉత్తరం మిషను బంగళాలో అందరికీ చదివిస్తానని చెయ్యి చాచింది. నా పని అయిపోయిందనుకున్నాను. నా పక్కనే కూర్చుని ఉన్న స్తోత్రమవ్వ నెమ్మదిగా నా చేతిలోని కాగితాలు తీసుకుని, “ఇది మా ఊరి మాట గదమ్మా, మా ఊళ్ళోనే ఉండనీ” అని తన సంచీలో పెట్టుకుంది. బడి ఉంటుందని చెప్పి దొరసాని బండెక్కింది.

మధ్యాహ్నం అవ్వ ఆ కాగితాలు తీసి పొయ్యిలో పెట్టి, ఆ మంట మీదే అంబలి కాచింది. “రాసింది ఒగటి, చదివింది ఒగటి గదా పాపా. నాకూ అచ్చరాలొచ్చు” అంది. నేను ఏడ్చేశాను. దేవుడి సన్నిధిలో నిలబడి అబద్ధాలు చదివానన్నాను. ఏది అబద్ధమో చెప్పమంది. ఒక్కొక్కటే తీసి చూశాం. వెలుతురు నిజం, పిల్లల ఆశ నిజం, సంగటి నిజం. ఈ ఊళ్ళోనే ఉంచమన్నది నేను ఉంటే నిజమవుతుందంది.

“పాట సంగతి ఒగటే అబద్ధం. నా గొంతు నాకు తెల్దా” అని నవ్వింది.

నాకు సిగ్గూ ఏడుపూ కలిసి వచ్చాయి. “నీకేమవ్వా, దేవుడు నీకు పుట్టుకతోనే సంతోషం ఇచ్చినాడు” అన్నాను. ఆమె గరిటె తిప్పుతూనే చెప్పింది.

“నా మొగుణ్ణి, ఇద్దరు బిడ్డల్ని ఒగే వారంలో కలరా ఎత్తుకపోయింది పాపా. ఇరవై ఏండ్లాయ. దినామూ లేస్తానే ఏడుపే వస్తాది. మొగం కడుక్కునేంత సేపు ఏడుస్తా. ఆమీదట ఆయనకు స్తోత్రం చెప్పుకొని వాకిట్లోకొస్తా. ఇంగా అలవాటు కాలేదు. పొద్దున్నే మళ్ళా మొదట్నించే.”

ఆ పూట అంబలి ఎలా తాగానో నాకు గుర్తులేదు. తెల్లవారేసరికి నేనేమీ మారిపోలేదు. బిందె చంకనెత్తుకుని నీళ్ళకు పోతూ మళ్ళీ సణిగాను, కానీ సగంలో ఆగాను. వెలుతురు అంత బాగుందని నేనే పొగిడాను కాబట్టి దొరసాని గడ్డికి దుడ్లు పంపలేదు. ఊరివాళ్ళే కట్టలు మోసుకొచ్చి కప్పారు. పాఠం ఆపి నేనూ గడ్డి అందించాను. ఆ ఊళ్ళో తొమ్మిదేళ్ళు ఉన్నాను. నాకు మనుషుల్ని చూడడం నేర్పిన ఆ ఊరికి, ఆ అవ్వకు, వాళ్ళ మధ్యకు నన్ను బలవంతాన తోసిన దేవుడికి నేను ఎంత కృతజ్ఞురాలినో ఏ ఉత్తరంలోనూ సరిగ్గా రాయలేకపోయాను.

ఇప్పుడు నాకు స్తోత్రమవ్వ అప్పటి వయసు దాటింది. మోకాళ్ళ నొప్పి, చూపు మందం, ఇంట్లో నాతో మాట్లాడేవాళ్ళు లేరు. చర్చిలో పిల్లలు నన్ను చూసి, ఈ టీచరమ్మ ఎప్పుడూ నవ్వుతూ ఉంటుంది, పుట్టుకతోనే అంతే అనుకుంటారు. నేను సరిదిద్దను. నాకూ ఇంకా అలవాటు కాలేదు. ఈ రోజైతే మొహం కడుక్కోవడానికి కాస్త ఎక్కువ సేపే పట్టింది.